సాగే దావకు గేర్ల సైకిల్

పొద్దు పొడిచే యాలకు బయమ్మ వాకిలి ఊడ్చి, ఉన్న నీళ్ళలోనే ఒక చెంబెడు చల్లి, పొయ్యి ముట్టిస్తుంది. ఎసరు కాగేలోపల మామ నరసింహప్ప చెప్పులేసుకొని దావ కొలిచేదానికి పోతాడు. మొదటి కిలోమీటరు రాయి దాకా నడిచి, దాన్నిబట్టి బత్తలపల్లె ఆ పొద్దు ఎంత దూరంలో ఉండాదో చెప్తాడు. ఆయన కొలత బీడీలలో. ఒక బీడీ ఆర్పినాక ఇంకొకటి ముట్టించబుద్ధి అయ్యేంత దూరం ఒక బీడీ. ఊర్లో అందరిదీ అదే లెక్క.

"ఈ పొద్దు ఎంత మామా?" అని అడిగింది బయమ్మ.

"ఏడు."

"నిన్న ఆరున్నరే గదా."

"నిన్న పైవీధోళ్ళు నలుగురు పోయిరి గదమ్మా బెంగుళూరికి."

బయమ్మ, కూతురు లహరిని ఇంకా ముందే లేపాల్సి ఉండె గదా అనుకుంటా లోపలికి పోయింది.

వాళ్ళ ఊరు తుమ్మలవంక నుంచి బత్తలపల్లెకు రాయి మీద ఎనిమిది కిలోమీటర్లు రాసి ఉంటాది. వానలు పడిన ఏడు అది నిజమే. నాలుగు బీడీల దావ. వానలు పడకపోతే శెనక్కాయ బుడ్డల చెట్లు ఊడలు దిగకుండానే ఎండిపోతాయి. బోర్లు గాలి కక్కుతాయి. జనం మూటలు కట్టుకొని బెంగుళూరు పోతారు. పోయేవాళ్ళు పోతా పోతా దావను కొంచెం లాక్కొని పోతారు, ముల్లుకు తగులుకున్న చీర పోగు మాదిరి. నలుగురు పోతే అర్ధ బీడీ సాగుతాది. వాళ్ళు తిరిగి వస్తే అంతే ముడుచుకుంటాది. ఊరి దావలన్నీ ఒకే తాడు, ఏ పక్క లాగినా అన్నీ సాగుతాయి. దీన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఎండ కాసినట్ల, గాలి తోలినట్ల అదీ ఒకటి. ఏ పొద్దు ఎంతుంటాదో తెలీని దావకు టైము కుదరదని బస్సు ఎప్పుడో ఆపేసినారు. ఆటోలు కూడా వానలు పడిన ఏడే వస్తాయి.

లహరి పదో తరగతి. మేనత్త వాడి పారేసిన సైకిల్ మీద బత్తలపల్లె బడికి పోతాండాది. దసరా పోయినప్పటినుంచి గంట కొట్టేలోపల ఒక్క పొద్దూ చేరలేదు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనియ్యరని సారు చెప్పి పంపినాడు.

"సాల్లేమ్మే చదివింది," అన్నాడు బయమ్మ మొగుడు ఓబిలేష్, సంగటి ముద్ద తుంచుకుంటా. "ధర్మవరంలో మగ్గాల కాడ పెడదాం. ఆడనే ఉంటాది, పోయి వచ్చే పనుండదు."

"పదో తరగతి అయిపోనీ."

"దావ ఆగుతాదా నీ పదో తరగతి కోసం?"

బయమ్మకు మాటలు తక్కువ. ఆమె చదివింది ఐదు. ఎందుకు ఆపేసినావని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ వారంలోనే తన రెండు పొట్టేళ్ళను సంతకు తోలించింది. ఎందుకని మొగుడు అడిగితే, "గేర్ల సైకిల్ అంట, దావ సాగినా తొక్కచ్చంట, పాప చెప్పింది," అని గోడకు తిరిగి చెప్పింది.

*

ధర్మవరంలో విష్ణువర్ధన్ శెట్టి సైకిళ్ళ అంగడి. ఒకదాని మీద ఒకటి వాలి నిలబడిన సైకిళ్ళ మధ్య ఓబిలేష్ చేతులు వెనక కట్టుకొని, ఎద్దుల సంతలో తిరిగినట్ల తిరిగినాడు. అన్నిటికన్నా ఎత్తుదాని సీటు మీద చెయ్యి వేసినాడు.

"ఇది చూడు శెట్టీ. పెరిగే పిల్ల గదా, పెద్దదే ఇయ్యి. నాలుగేండ్లు వస్తాది."

"అంగీ అయితే పెద్దది కుట్టించి, మడిచి తొడుగుతావప్పా. సైకిల్‌ను యాడ మడుస్తావు?" అన్నాడు శెట్టి. "రామ్మా, ఈడ నిలబడు. కడ్డీకి అటు కాలు, ఇటు కాలు ఎయ్యి. రెండూ నేలకు తగలల్ల. పడబోతే నిలబడేదానికి ఉండల్ల గదా."

లహరి చూపు మూలన ఉన్న ఎర్ర సైకిల్ మీద ఉంది. దాని టైర్లు మోటరు బండి టైర్లంత లావుగా ఉన్నాయి.

"అది నిలబెట్టుకొని చూసేదానికేమ్మా. తొక్కితే ఎనుము మాదిరి, మడుగులో నుంచి లేవదు," అని శెట్టి నవ్వి, ఓబిలేష్ పక్క తిరిగినాడు. "బడి ఎంత దూరమప్పా?"

"ఎనిమిది," అన్నాడు ఓబిలేష్.

సాగే దావ ఊరోళ్ళంటే టౌనులో లోకువ. ఓబిలేష్‌కు అది ఎరుకే. అందుకే బయట ఎవరడిగినా రాయి మీద లెక్కే చెప్తాడు.

"ఎనిమిదికి గేర్లెందుకు? ఇదో, బుట్ట ఉండేది తీసుకో. ఆడపిల్లకు ఇది సాలు," అని శెట్టి ఒక మామూలు సైకిల్ బయటికి లాగి, గాలి కొట్టేదానికి పంపు అందుకున్నాడు.

బయమ్మ అంగడి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆమె అంగళ్ళలో మాట్లాడదు. రవిక గుడ్డ కొనాలన్నా మొగుని చెవిలో చెప్తుంది, ఆయన శెట్టికి చెప్తాడు. ఇప్పుడు మొగుని అంగీ వెనకనుంచి లాగింది. ఆయన విదిలించుకున్నాడు. పంపు బుస్సు బుస్సుమంటాంది. ఒక చక్రం నిండింది. శెట్టి రెండో చక్రం దగ్గర వంగినాడు.

"ఎనిమిది రాయి మీదన్నా," అంది బయమ్మ.

పంపు ఆగింది.

"రాయి మీద ఎనిమిది. ఈ ఏడు పద్నాలుగు. మార్చికి ఎంతయితాదో చెప్పలేం." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఓబిలేష్ చెవులు ఎర్రబడినాయి. శెట్టి మాత్రం పంపు పక్కన పెట్టి, "అట్ల ముందే చెప్పల్ల గదమ్మా. సాగే దావకు గేర్లు లేకుంటే ఎట్ల?" అని ఆ సైకిల్‌ను మళ్ళీ లోపలికి తోసి, బూడిద రంగుది ఒకటి తెచ్చి నిలబెట్టినాడు.

"గేర్లు మోటరుకు గదా, మనిసికెందుకు?" అన్నాడు ఓబిలేష్ మొహం పక్కకు పెట్టి.

శెట్టి వెనక చక్రం పైకెత్తి పెడలు తిప్పినాడు. హ్యాండిల్ మీద పిడి తిప్పితే చైను టక్కుమని ఒక పళ్ళ చక్రం మీదనుంచి ఇంకో దాని మీదికి ఎక్కింది. "ఇదో, పెద్ద పళ్ళ చక్రం మీద పడింది చూడు, ఇది ఒకటో గేరు. కాలు ఎక్కువసార్లు తిరుగుతాది, బండి తక్కువ పోతాది."

"అంటే ఎక్కువ తొక్కి తక్కువ పోయేదానికి నీకు ఎక్కువ దుడ్లు ఇయ్యల్లనా?"

"కాలు నొయ్యకుండా పోతావప్పా! ఎట్ల చెప్పేది నీకు?"

బయమ్మకు అర్థమైంది. సంగటి గట్టిపడినాక కట్టెతో పెద్ద సుట్లు తిప్పబోతే చెయ్యి పడిపోతాది. చిన్న చిన్న సుట్లు, ఎక్కువ సార్లు తిప్పల్ల. అప్పుడే ఉడుకుతాది, చెయ్యీ నిలుస్తాది. ఆమె ఆ మాట కూతురి చెవిలో చెప్తే, లహరి పకపకా నవ్వి తల ఊపింది.

"ఇరవై ఒక్క గేర్లది గూడా ఉండాది గానీ మీకొద్దు," అన్నాడు శెట్టి. "ఏడు సాలు. చెడిపోయేవి ఎంత తక్కువుంటే అంత మేలు. డిస్కు బ్రేకులూ వద్దు, మీ ఊర్లో ఎవురు బాగు చేస్తారు?"

"ఏడు బీడీలకు ఏడు గేర్లు," అంది లహరి.

శెట్టి ఒకటో గేరు మీద వేలు పెట్టి చెప్పినాడు. "దీన్ని మాత్రం ఊరికే వాడద్దుమ్మా. ఇంక నా వల్ల కాదు అనుకొన్న పొద్దు ఎయ్యి."

*

ఊరికి తెచ్చినాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినారు. మరుసటి పొద్దు లహరి గంటకు ముందే బడి చేరింది.

అయితే దావ ఊరికే ఉండలేదు. సంక్రాంతి దాటినాక ఎనిమిది బీడీలు, శివరాత్రికి తొమ్మిది. లహరి నాలుగో గేరు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు దిగింది. బయమ్మ మంచిదనుకొని చైనుకు బుడ్డల నూనె రాసింది. ఎర్ర దుమ్మంతా దానికి మెత్తుకొని సైకిల్ రెండు దినాలు మూలిగింది. తాత నరసింహప్ప కిరసనాయిలు పెట్టి, పన్ను పన్నుకూ పుల్లతో గీకినాడు. పిల్ల సాయంత్రం వచ్చి పుస్తకం మీదే కునుకు తీసేది. బయమ్మ పక్కన కూర్చొని, ఆ కాళ్ళు తన ఒడిలోకి తీసుకొని, పిక్కలు ఒత్తేది.

ఓబిలేష్ కూడా చాలినంతకాలం చూసి, ఇంక లాభం లేదని మేస్త్రీ రామాంజికి మాట ఇచ్చినాడు. రామాంజిది ఈ ఊరే. బెంగుళూరులో ఇండ్లు కట్టేకాడ పనికి ఇరవై మందిని తీసుకపోతాననినాడు. మొదటి పరీక్ష పొద్దే సాయంత్రం వ్యాను వస్తాదని చెప్పినాడు. సాయంత్రమే గదా, పరీక్ష అయిపోయి ఉంటాది, వచ్చేటప్పుడు కష్టమైనా మెల్లగా వస్తాదిలే అనుకుంది బయమ్మ.

పరీక్ష పొద్దు తాత తెల్లవారకముందే కొలిచి వచ్చి "తొమ్మిది" అన్నాడు. పరీక్ష తొమ్మిదిన్నరకు. ఆ పైన ఒక్క నిమిషం దాటినా లోపలికి రానియ్యరు. లహరి ఏడున్నరకే బయలుదేరింది. హాల్ టికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి రవికలో దోపుకుంది. వంక దిగి, గట్టు ఎక్కి, గాలిమరల కింద చిన్న చుక్కయ్యేదాకా బయమ్మ చూస్తానే ఉంది.

ఎనిమిది దాటినాక ఊరి వెనకపక్క హారను వినబడింది.

వ్యాను. సాయంత్రం రావాల్సింది పొద్దున్నే వచ్చింది. బెంగుళూరు రోడ్డు పక్క మొహం పెట్టి నిలబడి ఉంది. జనం మూటలు, తట్టలు, గంజి గిన్నెలు ఎక్కిస్తాండారు. ఓబిలేష్ అప్పటికే సంచి లోపలేసినాడు. తలుపు దగ్గర రామాంజి పేర్లు పిలుస్తాండాడు.

బయమ్మ చేతిలో చేట అట్లనే ఉంది. లెక్క ఆమె నోట్లోనే తిరిగింది. నలుగురికి అర్ధ బీడీ. ఇరవై మందికి రెండున్నర. పిల్ల దావ నడిమధ్యన ఉండాది.

ఆమె చేట పారేసి పరిగెత్తింది. వ్యాను ముందరికి పోయి, రెండు చేతులూ దాని ముక్కుకు ఆనించి నిలబడింది. ఊరంతా చూసింది. బయమ్మ గొంతు ఎట్లుంటాదో చాలామందికి తెలీదు.

"పోవద్దండి," అంది. "పాప దావలో ఉండాది."

"ఏమక్కా ఇది, పక్కకు జరుగు," అన్నాడు రామాంజి. "ఆడ స్లాబు ఏసేది ఉండాది. మధ్యాన్నానికి చేరకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటారు."

"తొమ్మిదిన్నర దాకా ఆగండి. ఆ పైన ఎంతైనా లాక్కొని పోండి."

"ఒక్క పిల్ల కోసం ఇరవై మంది కూలి పోగొట్టుకోమంటావా?"

బయమ్మ వాని మొహంలోకి చూసింది. నలభై ఏండ్లలో ఆమె మగవాళ్ళ మొహంలోకి అట్ల చూసింది లేదు.

"నేను ఆరో తరగతిలో చేరేదానికి పోయిన పొద్దు మీ నాయన బండి కట్టినాడు రామాంజీ. ఆయన ఎనక ఇంకా నాలుగు బండ్లు. నాకు గట్టు మీదనుంచి బడి కనపడతాండె. సున్నం గోడలు, జెండా కట్టె, అన్నీ కనపడతాండె. నేను నడిచేకొద్దీ అది ఎనక్కి పాయె. నేను పరిగెత్తితే అదీ పరిగెత్తె. పోయేసరికి గేటు మూసేసిరి. మళ్ళీ నేను పోలే. ఆ పొద్దు మీ నాయన ఒక్క గంట ఆగింటే సాలు. ఆగమని చెప్పేవాళ్ళు గూడా ఎవురూ లేకపాయె."

వ్యాను ఇంజను గుడుగుడుమంటాంది.

"ఏమప్పా, బండి ఆపు," అంది మూట నెత్తిన పెట్టుకున్న వెంకటలక్ష్మమ్మ. మూట దించి దాని మీదే కూర్చుంది. "నా మోకాళ్ళు గూడా నొస్తాండాయి. గంట కూర్చుందాం."

ఒకరి వెనక ఒకరు దిగినారు. మూటల మీద, తట్టల మీద, గోడ నీడన కూర్చున్నారు. రామాంజి ఫోను చెవికి పెట్టుకొని అటు తిరిగి ఇటు తిరిగి, ఎవరికో టైరు పంచరైందని చెప్పి, చివరికి వాడూ చతికిలబడినాడు. ఎవరూ కాలు ఊరి పొలిమేర దాటనియ్యలేదు. తాత నరసింహప్ప బీడీ కట్ట విప్పి అందరికీ తలా ఒకటి పంచినాడు. పొగ పైకి లేచి అట్లనే నిలబడింది. ఎండ ఎక్కింది. రామాంజి ఫోన్లో గంట చూసేవాడు, మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు.

తొమ్మిదిన్నర అయింది. ఇంకో ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నారు. ఆ పైన వెంకటలక్ష్మమ్మ నేలకు చెయ్యి ఊని లేచింది.

"ఇంగ పోదుమా బయమ్మా?"

"పోండక్కా. జాగర్త."

అందరూ ఎక్కినారు. ఓబిలేష్ చివర. ఒక కాలు లోపల పెట్టి, ఒక కాలు నేల మీద పెట్టి కొంచెం సేపు నిలబడినాడు. తర్వాత లోపలికి వంగి తన సంచి బయటికి లాగినాడు.

"ఏమన్నా, నువ్వు గూడానా?" అని అరిచినాడు రామాంజి.

"పరీచ్చలు అయినాక వస్తాలేప్పా."

"అప్పటికి పని ఉంటాదని చెప్పలేను!"

"ఉండకపోతే లేదు."

వ్యాను పోయింది. దుమ్ము లేచింది. ఊరి ముందర కిలోమీటరు రాయి మెల్లగా దూరం జరిగి, తుమ్మ చెట్టు అవతలికి పోయి ఆగింది.

*

పొద్దు గూకే యాలకు లహరి వచ్చింది. మొహమంతా ఎర్ర దుమ్ము, చెంపల మీద చెమట చారలు. సైకిల్ గోడకు ఆనించి అరుగు మీద కూలబడింది. బయమ్మ ఇచ్చిన చెంబు నీళ్ళు ఎత్తిన చెంబు దించకుండా తాగింది.

"పొయ్యేటప్పుడు గట్టు కాడ కాళ్ళు పడిపోయినాయి మా. ఒకటో గేరు ఏసినా. మామూలుగా అయితే ఆ దావ జరుగుతానే ఉంటాది గదా, ఈ పొద్దు కదలకుండా నిలబడిండె. ఎవురో పట్టుకొన్నెట్ల. గేటు మూస్తాంటే దూరిన్నా."

"రాసినావా?"

"రాసినా."

బయమ్మ తల ఊపి పొయ్యి దగ్గరికి పోయింది. సంగటి గట్టిపడతాంది. కట్టె పట్టుకొని చిన్న చిన్న సుట్లు తిప్పింది.

అప్పుడు లహరి వాకిట్లో కూర్చొని చైనుకు అంటిన దుమ్ము పుల్లతో గీకుతున్న తండ్రిని చూసింది.

"నాయనా, నువ్వు పోలే?"

ఓబిలేష్ తల ఎత్తలేదు.

"నేనొక్కణ్ణి పోతే రెండు బీడీ దమ్ముల దావ సాగుతాది," అన్నాడు. "అదన్నా తగ్గుతాది గదా."