చెయ్యూపితే దిగివచ్చిన విమానం

శనగ చేను మీద తెల్లవారుజామున పడే మంచు పుల్లగా ఉంటుంది.

వేళ్ళకు అంటుకుంటుంది. గోరు పగిలిన చోట సన్నగా మండుతుంది. పొరపాటున పెదవికి తగిలితే చింతచిగురు గుర్తొస్తుంది.

ఎండెక్కితే ఆ మంచు ఆరిపోతుంది. మంచు ఆరితే కాయ చిట్లి రాలిపోతుంది. అందుకే ఆడవాళ్ళు పొద్దు పొడవకముందే చేలోకి దిగుతారు. నల్లటి నేల మీద, మసక వెలుతురులో, వంగిన వీపులు... పదకొండు.

ఆ పదకొండు మందిలో ఖమర్‌బీ ఒకతె.

యాభై దాటిన మనిషి. గండికోట జలాశయంలో ఊరు మునిగాక కొండాపురం దగ్గర కట్టిన కాలనీలో ఉంటోంది. ఒకప్పుడు తన చేలోనే శనగ కోసుకునేది. ఇప్పుడు ఎవరు పిలిస్తే వాళ్ళ చేలో కోస్తుంది. తమ్ముడు నూరుల్లా కువైట్ నుంచి తిరిగొచ్చి ఆటో తోలుతున్నాడు. కూలీలను చేనికి తెచ్చి దింపేది అతనే.

ఫిబ్రవరి మొదటి వారం. గండికోటలో ఉత్సవాలు.

ఆ వారం ఆకాశంలోకి ఒక పసుపు విమానం వచ్చింది.

చిన్నది. తూనీగంత చిన్నది. కోట మీద గిరికీలు కొట్టేది. లోయ మీద బోర్లా తిరిగేది. తెల్లటి పొగతో ఒక గీత గీసి, ఆ గీత చెదిరిపోయేలోగా దాని మధ్య నుంచి దూసుకుపోయేది. సాధన ముగిశాక చేల మీదుగా తిరిగి వెళ్ళేది.

మొదటి రోజు ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. చేతులు ఊపారు.

విమానం ఎడమ రెక్క వంచింది. కుడి రెక్క వంచింది.

"చూసినాడు మ్మే! మనల్ని చూసినాడు!" అంది పుల్లమ్మ. కూలీల ముఠాకు పెద్ద ఆమే.

రెండో రోజు ఇంకొంచెం కిందికి వచ్చింది. అద్దం వెనక ముఖం కనిపించింది. చెవుల మీద పెద్ద పెద్ద మూతలు. వాటి కింది నుంచి భుజం మీదికి జారిన జడ.

"ఆడమనిషే!" ఖమర్‌బీ అరిచింది. "పుల్లక్కా, తోలేది ఆడమనిషే!"

పదకొండు మందీ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో వాళ్ళకే తెలియదు. ఆ పొద్దంతా చేలో అదే మాట. ఎవరి బిడ్డో... ఏ ఊరో...

సాయంత్రం నూరుల్లా ఫోన్లో చూసి చెప్పాడు. పేరు వనిత. ఊరు పులివెందుల. చీనీ, అంటే బత్తాయి తోటల వాళ్ళ అమ్మాయి. పన్నెండేళ్ళుగా ఎక్కడెక్కడి ప్రదర్శనల్లోనో విమానం ఎగరేస్తోంది. సొంత జిల్లా మీద ఎగరడం ఇదే మొదలు.

"మన పాపేనా!" అంది ఖమర్‌బీ.

మూడో రోజు ఆమె తలకు కట్టుకున్న గుడ్డ విప్పింది. గట్టెక్కి నిలబడింది. ఎర్ర గుడ్డను పైకెత్తి కిందికి ఊపింది.

రా... రా... ఇంకా కిందికి రా...

విమానం వచ్చింది.

శనగ మొక్కలు వణికేంత కిందికి. చమురు వాసన తగిలేంత కిందికి. వనిత నవ్వుతోంది — ఆ నవ్వు కనిపించేంత కిందికి.

రెక్క వంచి, వాళ్ళ చుట్టూ ఒక చుట్టు తిరగబోయింది. వేగం చాలలేదు. కిందికి వంగిన రెక్క ఒక్కసారిగా జారింది. తేరుకోవడానికి ఎత్తు లేదు.

ఇంజన్ మోగుతూనే ఉంది. ఆ మోత ఖమర్‌బీకి బాగా గుర్తు.

విమానం ముక్కు ఒక్క క్షణం ఆడవాళ్ళ వైపు తిరిగింది.

ఒక్క క్షణమే.

తర్వాత పక్కకు — బీడు వైపు. రెక్క గట్టుకు కొట్టుకుంది. నల్లమట్టి గోడలా లేచింది. మట్టి కిందికి దిగాక చూస్తే, విమానం బోర్లా పడి ఉంది. చక్రం ఒకటి గాలిలో నిదానంగా తిరుగుతోంది.

"పోవాకు మ్మే! మంటెత్తుకుంటాది!" పుల్లమ్మ కేక.

ఖమర్‌బీ అప్పటికే పరుగెడుతోంది. చేతిలో కొడవలి అలాగే ఉంది. రోడ్డు మీద ఆటో వదిలి నూరుల్లా అడ్డంగా చేలోపడి వస్తున్నాడు.

పెట్రోలు వాసన. ఎక్కడో బొట్టు బొట్టుగా కారుతున్న చప్పుడు.

వనిత తలకిందులుగా వేలాడుతోంది. పట్టీలు ఆమెను సీటుకు కట్టేసి ఉంచాయి. పెదవి తెగిన రక్తం చెంప మీదుగా కన్ను వైపు పారుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఎవరికైనా తగిలిందా?" అంది.

"ఎవురికీ ఏం గాలేదు. నువ్వు మాట్లాడాకు పాపా."

"ఎర్ర స్విచ్... ఆపండి..."

నూరుల్లా చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. టక్‌మని శబ్దం.

"నూరూ, ముందు బుజాలు పట్టుకో. కోస్తానే కింద పడుతాది. పట్టుకున్నావా?"

"పట్టుకున్నా. కొయ్యి."

మొదటి కోతకు పట్టీ తెగలేదు. రెండో కోతకు తెగలేదు. మూడో కోతకు తెగింది. వనిత బరువంతా నూరుల్లా చేతుల్లోకి జారింది.

పోవద్దని అరిచిన పుల్లమ్మే శనగ కుప్ప పోసే పట్ట తెచ్చి నేల మీద పరిచింది. ఆడవాళ్ళంతా తలా ఒక అంచు పట్టుకున్నారు. గట్లు దాటించారు. ఆటో దాకా మోశారు.

మంట ఎత్తుకోలేదు.

జమ్మలమడుగు దారిలో అంబులెన్సు ఎదురొచ్చింది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చారు. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. పక్కటెముకలు నాలుగు. వెన్నులో సన్నని చీలిక. బతుకుతుంది అన్నారు. నడుస్తుంది అని మాత్రం ఆ రోజు ఎవరూ అనలేదు.

మరునాటికి ఆమె పేరు అందరి నోటా ఉంది.

ఇంజన్ ఆగిపోయినా, తన ప్రాణం లెక్కచేయకుండా కూలీలను కాపాడిన వీరనారి — టీవీల్లో అదే మాట. పులివెందులలో ఆమె బొమ్మతో బ్యానర్లు కట్టారు. ప్రొద్దుటూరు బట్టల బజారు వ్యాపారులు శాలువా, పూలదండ తీసుకుని ఆసుపత్రికొచ్చారు.

వనిత పైకప్పును చూస్తూ పడుకుంది. ఎవరేమన్నా మాట్లాడలేదు. నొప్పి కాబోలనుకున్నారు.

రంజాన్ నెల మొదలైంది. ప్రమాదం మీద విచారణకు ఢిల్లీ నుంచి అధికారులు వస్తారని కబురొచ్చింది. చేలో ఉన్న ప్రతి ఒక్కరినీ అడుగుతారట.

కాలనీలో నీళ్ళ కొళాయి దగ్గర పుల్లమ్మ అందరినీ పోగేసింది.

"ఇంజన్ ఆగిపాయ. ఆ పాప పక్కకు తిప్పుకుని పడిపాయ. అంతే చెప్పండి. మనల్ని సంపకుండా తాను ఇరగ్గొట్టుకుంది. ఆ మాత్రం మాట సాయం చెయ్యలేమా?"

అందరూ సరేనన్నారు. నిజానికి అందులో దురాశ లేదు, భయం లేదు. ఉన్నదంతా ప్రేమే.

ఖమర్‌బీ మాత్రం బిందె ఎత్తుకుని ఇంటికి వెళ్ళింది. మరునాడు ప్రొద్దుటూరు బస్సెక్కింది.

గదిలో వనిత ఒక్కతే ఉంది. కాలికి ఇనుప కడ్డీలు. తలకిందులుగా చూసిన ఖమర్‌బీ ముఖం నేరుగా చూస్తే వనితకు గుర్తురాలేదు. "పాపా" అన్న గొంతు విని గుర్తుపట్టింది.

"అక్కా... కూర్చో. నీళ్ళు తాగు."

"రోజా ఉండా."

కిటికీ అవతల ఎవరో పళ్ళ బండి తోసుకుపోతున్నారు.

"పాపా, ఒకటి అడిగేకి వచ్చినా. మంగళారం విమానం ఆఫీసర్లు వస్తాండారు. అందరూ ఇంజన్ ఆగిపోయిందని చెప్తామంటాండారు."

వనిత కళ్ళు మూసుకుంది.

"ఆగలేదు కదక్కా."

"ఆగలే. నాకు ఇనపడింది."

"అదే చెప్పు మరి."

"చెప్తే నీకు మళ్ళా విమానం ఇస్తారా?"

"ఇయ్యకపోవచ్చు."

ఖమర్‌బీ తన అరచేతులకేసి చూసుకుంది.

"నేనే పిల్చినా పాపా. తలగుడ్డ తీసి రా రా అని ఊపినా. నువ్వొచ్చినావు. అప్పుట్నుంచి ముద్ద దిగదు నాకు. నువ్వు సచ్చిపోయింటే..."

"పిలిచినావు, సరే. పిలిస్తే ఎంత దూరం రావచ్చో నాకు తెలుసు కదా. అంత కిందికి రానని రాసి సంతకం పెట్టినా. అయినా మూడు దినాలూ వచ్చినా."

"ఎందుకొచ్చినావు?"

"అన్ని ఊర్లల్లో కుర్చీల్లో కూర్చుని చూస్తారక్కా. అయిపోతానే లేచి పోతారు. మీరు చేతిలో పని ఆపి, లేచి నిలబడినారు. పైనుంచి చూస్తే అది... శానా బాగుండె."

ఖమర్‌బీ వైపు తల తిప్పింది.

"మీ వైపు తిప్పింది నేనే. పక్కకు తిప్పింది గూడా నేనే. టీవీవాళ్ళు రెండోది ఒకటే చెప్తాండారు."

ఖమర్‌బీ లేచి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

మంగళవారం. చేను గట్టు మీద ఒక షామియానా. బల్ల వెనక కళ్ళద్దాల అధికారి. ఆయనకు తెలుగు రాదు. పక్కన ఒక ఉద్యోగి తర్జుమా చేస్తున్నాడు. పది మంది వచ్చి పది సార్లు అదే మాట చెప్పారు. ఇంజన్ ఆగిపాయ. ఇంజన్ ఆగిపాయ.

పదకొండోది ఖమర్‌బీ.

"ఇంజన్ మోగుతానే ఉండె సార్. శానా కిందికొచ్చి సుట్టు తిరగబోయింది. ముందు మా పక్కకే వచ్చింది. మళ్ళా అంత లోపలే బీడు పక్కకు తిప్పుకుంది. కిందికి రమ్మని గుడ్డ ఊపింది నేను. అదీ రాసుకోండి."

అధికారి కలం ఆపి తలెత్తాడు. ఏదో అన్నాడు.

"చెయ్యి ఊపడం నేరం కాదంటున్నారమ్మా," అన్నాడు ఉద్యోగి.

"నేరమని చెప్పలే సార్. జరిగిందని చెప్తాండా."

మరునాడు పొద్దున్నే నూరుల్లా ఆటో కాలనీ ముందు ఆగింది. ఎవరూ ఎక్కలేదు. పది మందీ నడిచి పోయారు. మిగిలిన శనగ కోత అంతా ఖమర్‌బీ లేకుండానే జరిగింది. పండగ నాడు ఆమె పుల్లమ్మ ఇంటికి సేమియా పంపింది. కడిగిన గిన్నె తిరిగొచ్చింది.

మాట రాలేదు.

ఏప్రిల్‌లో విచారణ సంగతులు పేపర్లో వచ్చాయి. తప్పు తనదేనని వనిత ఆసుపత్రి నుంచే రాసిచ్చింది — ఖమర్‌బీ నోరు విప్పడానికి ఒక రోజు ముందే. ఎగిరే అనుమతి ఒక ఏడాది ఆపేశారు. ఆ తర్వాత వెన్ను పరీక్షించి చూస్తారు. మళ్ళీ ఎగురుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. టీవీలు రెండు రోజులు ఆమెను తిట్టాయి. మూడో రోజుకు మరిచిపోయాయి. పులివెందులలో బ్యానర్లు ఎండకు వెలిసి, గాలికి చినిగాయి.

ఆ సాయంత్రం పుల్లమ్మ వచ్చి ఖమర్‌బీ గడప మీద కూర్చుంది.

"ఆ పాపే చెప్పేసిందంట గదా."

"ఊ."

"మాకు ముందే తెలిసింటే..."

"తెలిసింటే?"

పుల్లమ్మ గడప మీద రాలిన వేపపూతను చేత్తో ఒక పక్కకు ఊడ్చింది.

"రేపు నువ్వుల కోతకు కూలి ఆళ్ళు గావాల. వస్తావా?"

"వస్తా."

మే నెలలో వనిత వచ్చింది.

చంకకర్ర ఒకటి. అడుగు తీసి అడుగు వేయడానికి సమయం పడుతోంది. నూరుల్లా ఆటో దిగి, కాలనీ మధ్యలో నిలబడి, ఆడవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది.

"మీ మీదికి విమానం తెచ్చినా. తప్పయింది," అంది.

ఒకామె వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ క్షణం, విమానం ముక్కు తన వైపు తిరిగిన ఆ క్షణం, ఆమెను ఇంకా వదల్లేదు.

"ఎండలో నిలబడినావు. నీడకు రా పాపా. మజ్జిగ తాగు," అంది పుల్లమ్మ చివరికి.

పొద్దు వాలాక ఖమర్‌బీ, వనిత జలాశయం వైపు వెళ్ళారు. వేసవికి నీళ్ళు వెనక్కి జరిగాయి. పాత తారురోడ్డు బయటపడింది. కొంత దూరం పొడిగా సాగి, తర్వాత నేరుగా నీళ్ళలోకి దిగిపోయింది.

"ఇదే మా ఊరి రోడ్డు. పైనుంచి ఊరు కనపడుతాదా పాపా?"

"కనపడిందక్కా. అడుగున గోడలు, గీతల మాదిరి. మసీదు మెట్లు. ఒక వీధి వంకర తిరిగి ఉంటాది."

"ఆ వంకర కాడ రెండో ఇల్లు మాది..."

ఖమర్‌బీ నీళ్ళ వైపు చెయ్యి చూపించింది.

"ఇంకెప్పుడన్నా పైకి పోతే..."

మాట పూర్తి చేయలేదు. కొంగ ఒకటి నీళ్ళ మీద తక్కువ ఎత్తులో ఎగురుకుంటూ అవతలి గట్టుకు పోయింది.

వనిత చెప్పులు విడిచింది. నీళ్ళలో ఒక అడుగు. ఇంకో అడుగు. కింద రోడ్డు ఇంకా గట్టిగానే ఉంది. వెచ్చగా ఉంది. ఖమర్‌బీ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

చీలమండల దాకా వచ్చాక ఆగారు.

"ఇంకొంచెం పోదామా?" అంది వనిత.

"పాచి ఉంటాది. నిదానంగా."

వనిత చంకకర్రను ముందుకు వేసి, లోతు చూసింది.