ఇల్లంతా తిరిగే మరక

పొద్దున్నే ఆ ఇంట్లో ముందు లేచినవాళ్ళు మరక ఎక్కడుందో చూసి చెప్పాలి. పాలు పొంగిపోకుండా చూడటం ఎలాంటి పనో ఇదీ అలాంటిదే.

"ఇవాళ ఫ్రిజ్ తలుపు మీదుందే అమ్మాయ్," అంది అత్త.

"నిన్న అద్దం, మొన్న బాత్రూం. ఒక్కచోట కుదురుండదు, మీ అబ్బాయిలాగే," అంటూ కోడలు యాసిడ్ సీసా అందుకుంది.

చింతగింజంత మరక. టీ రంగు. లోపల సన్నటి గీతలు, ఒకదాని చుట్టూ ఒకటి. సింకు తోముదామని మొదటి యాసిడ్ సీసా తెచ్చిన వారానికి కనబడింది. తుడిస్తే పోతుంది, తెల్లారేసరికి ఇంకోచోట తేలుతుంది. ఏడేళ్ళుగా ఇదే తంతు. చేతికి తొడుగులు వేసుకోమంటే పట్టు జారుతుందనేది కోడలు. వీధిలో ఆమెకు యాసిడ్ వదిన అని పేరు పడింది. మనమూ వదినే అందాం.

ఏడేళ్ళలో మరక పోలేదు కానీ వదిన వేళ్ళ మీది గీతలు పోయాయి. పోతే ఏం అంటారా? ఆమె చొక్కాలకు బొత్తాలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. ఈమధ్య గేటు దగ్గర వేలిముద్ర మిషను పెట్టారు. ఎనిమిదేళ్ళ కిందట చేరినప్పుడు కాగితం మీద వేసిన ముద్రలనే దానికెక్కించారు. ఇప్పుడు వదిన బొటనవేలు గాజుపెంకులా నున్నగా ఉంది.

"మళ్ళీ ప్రయత్నించండి," అంటుంది మిషను.

"నీ మొహం!" అంటుంది వదిన.

"నాలుగు నెలలు చూస్తానమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. "ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

"ఎదురుగా నిలబడ్డాను కదండీ! కనబడటం లేదూ?"

"నాకు కనబడితే చాలదు. దానికి కనబడాలి."

డాక్టరు యాసిడ్ మానమన్నాడు. అప్పుడు అత్త, యాసిడ్‌కు బదులు ఇంట్లోనే ఊరబెట్టే తుడుపునీళ్ళ లెక్క చెప్పింది. ఒక వంతు బెల్లం, మూడు వంతులు నిమ్మ, కమలా తొక్కలు, పది వంతులు నీళ్ళు. సీసాలో కాస్త ఖాళీ వదలాలి. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గాలి పోనివ్వాలి. మూడు నెలలు ఊరాలి.

"మూడు నెలలా! అది ఊరేలోగా నా ఉద్యోగం ఊడిపోతుంది అత్తయ్యా."

వాసన వస్తోందని మొదటి సీసాకు మూత బిగించేసింది. నాలుగో రోజుకి అది ఢామ్మని పేలి తొక్కలు పైకప్పుకి అతుక్కున్నాయి. మర్నాడు మరక తాపీగా వెళ్ళి వాటి పక్కనే కూర్చుంది. వదినకు ఏడుపొక్కటే తక్కువ.

రెండో సీసా పెట్టారు. ఈలోగా సాయం చేద్దామని మొగుడు వెనిగరూ వంటసోడా ఒకే బకెట్లో పోశాడు. "రెండూ మంచివేగా, కలిపితే ఇంకా మంచిది."

బుస్సున పొంగి చప్పున చల్లారింది.

"ఒకటి పులుపు, ఒకటి క్షారం," అంది అత్త. "కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. మిగిలేది ఉప్పునీళ్ళు. మీ ఇద్దరి పోట్లాటలాగే."

రోజూ వదిన మూత వదులు చేసేది. సీసా ఉస్సనేది, వదినా ఉస్సనేది. కళ్ళెదుట మరక గోడలెక్కి దిగుతుంటే చేతులు కట్టుకుని చూడటం! గేటు దగ్గర అదే పాట, మళ్ళీ ప్రయత్నించండి.

గడువు చివరిరోజు పొద్దున్న వడకట్టి, చెంచాడు మగ్గు నీళ్ళలో కలిపింది. మరక తలుపు పక్కన స్విచ్చుకి జానెడు కింద ఉంది.

"నురగే రాదేం? నురగ లేనిది శుభ్రమేమిటి?"

"నురగ నీ తృప్తికే తల్లీ, మురికి దాన్ని అడగలేదు."

వదినకు ఒళ్ళు మండింది. గుడ్డ కూడా తీసుకోకుండా బొటనవేలు మగ్గులో ముంచి మరక మీద గట్టిగా నొక్కింది. "పో!"

పోయింది. గోడ తెల్లగా ఉంది. బస్సు తప్పిపోతుందని వేలు కూడా చూసుకోకుండా పరుగెత్తింది.

గేటు దగ్గర వేలు ఆనించింది. సూపర్‌వైజరు తల వంచుకున్నాడు.

"హాజరు నమోదయింది," అంది మిషను.

వదిన వేలు ఎత్తి చూసుకుంది. సన్నటి టీ రంగు గీతలు, ఒకదాని చుట్టూ ఒకటి.

"నా దాన్నే ఏడేళ్ళు తోమానా!" అని పళ్ళు నూరి, లోపలికెళ్ళి బొత్తాల డబ్బా ముందు కూర్చుంది.

మర్నాడు పొద్దున్న అత్త ఇల్లంతా వెతికింది. ఫ్రిజ్ మీద లేదు, అద్దం మీద లేదు, పైకప్పు మీద లేదు.

"ఎక్కడా లేదేం అమ్మాయ్?"

"నా దగ్గరుంది అత్తయ్యా," అంది వదిన, కొత్త సీసా మూత మెల్లగా వదులు చేస్తూ.