ఇస్త్రీ చేసిన తుపాను

పొద్దున్నే ఆరింటికల్లా స్కేలమ్మ ఆనకట్ట మీద గది తాళం తీసేది. ముందు గోడమీద గీసిన స్కేలు అంకెలు చూసి నీటిమట్టం రాసుకునేది. తర్వాత వెనక మేకుకు వేలాడే మొగుడి చొక్కా పట్టుకుని చూసేది. పొడిగా ఉంటే ఆ వారం వాన లేనట్టే. చుక్కలు రాలుతుంటే అయిదోరోజుకి తుపాను. ఎన్ని బకెట్లు నిండితే అంత వాన. వాతావరణ కేంద్రం వాళ్ల అంచనా పక్కనే ఆ లెక్కకీ రిజిస్టర్లో ఒక గడి ఉండేది. రెండింటికీ తేడా వస్తే కేంద్రం వాళ్లే ఫోన్ చేసి, "అమ్మా, చొక్కా ఇంకోసారి పిండి చూడండి" అని బతిమాలేవాళ్లు.

ఆ మొగుడు గేట్లకు గ్రీజు పూసే మనిషి. పదకొండేళ్ల కిందట తుపాను వస్తోందని కేంద్రం నుంచి ముందే కాయితం వచ్చింది. రోజూ కాస్త కాస్త నీళ్లు వదిలి జాగా చేసుకుంటే సరిపోయేది. కానీ అప్పటి ఇంజనీరుకి జలాశయం అంచుదాకా నిండి తళతళలాడకపోతే అన్నం సహించదు. అందుకే ఊరంతా ఆయన్ని నిండుకుండ అనేది. కాయితం సొరుగులో పడేశాడు. తీరా కట్ట తెగేలా ఉంటే సైరనైనా లేకుండా ఇరవై గేట్లూ ఒక్కసారే ఎత్తించాడు. మొగుడు కింది వీధులకు పరిగెత్తి మూడొందల తలుపులు బాదాడు. అందరూ బయటపడ్డారు. అతను మాత్రం చొక్కాగా తిరిగొచ్చాడు, కరెంటు స్తంభానికి చిక్కుకుని.

విచారణలో నిండుకుండ చెప్పింది రెండే ముక్కలు: "అంచనా అందలేదు." బదిలీ అయ్యాడు, రెండు ప్రమోషన్లు కొట్టాడు, ఈ ఏడు పెద్ద ఇంజనీరై తిరిగొచ్చాడు. పొట్ట ముందు గదిలోకొచ్చేది, కాసేపటికి ఆయనొచ్చేవాడు.

ఆ బుధవారం చొక్కా కారడం మొదలెట్టింది.

"ఎన్నమ్మా?" అన్నాడు గేట్లు తిప్పే బాబాయి.

"పదిహేడు బకెట్లు, బాబాయ్."

"అమ్మో! అప్పుడెన్ని?"

"అప్పుడు చొక్కా ఆయన ఒంటిమీదే ఉంది కదా."

కేంద్రం కాయితమూ అదే చెప్పింది. స్కేలమ్మ రెండూ తీసుకెళ్లి బల్లమీద పెట్టింది.

"రేపు మంత్రిగారొస్తున్నారు, నిండు జలాశయం చూడ్డానికి," అన్నాడు నిండుకుండ. "బెత్తెడు తగ్గినా నీ ఉద్యోగం ఊడుతుంది."

"కాయితం వచ్చింది సార్."

"ఏ కాయితం?" సొరుగు లాగాడు, పడేశాడు, మూశాడు. "నాకేం అందలేదే!"

బయటికొచ్చాక బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. "మీ అత్త కింది వీధిలోనే ఉంది, మంచం దిగలేని మనిషి. పైవాళ్లకి ఫోన్ కొట్టు."

"కొడితే గేట్లు ఎత్తుతారు. ఈయన మళ్లీ అందలేదంటాడు, ఇంకో ప్రమోషన్ కొడతాడు. రేపు మధ్యాహ్నం దాకా ఆగు బాబాయ్. అప్పటికీ కాకపోతే నేనే ఫోన్ కొడతా."

ఆ సాయంత్రం చొక్కాకు గంజి పెట్టింది. పదిహేడుసార్లు ఇస్త్రీ చేసింది. ఇల్లంతా ఆవిరై పక్కింటి వాళ్లు మబ్బు దిగిందనుకుని బట్టలు లోపల వేసుకున్నారు. "ఒక్క పూట ఓర్చుకో," అని చెవిలో చెప్పినట్టు కాలరు దగ్గర చెప్పింది. చొక్కా ఓర్చుకుంది. గుండుసూదులు గుచ్చి, కొత్తదానిలా కవరులో పెట్టింది.

మర్నాడు మంత్రి కారు మలుపు తిరుగుతుండగా స్కేలమ్మ చేతిలోంచి గ్లాసెడు టీ నిండుకుండ పొట్టమీద ఒలికింది.

"కళ్లు నెత్తికెక్కాయా!"

"అయ్యయ్యో సార్! ఇదిగో, కొత్త చొక్కా ఉంది."

పదకొండేళ్లుగా ఆ చొక్కా సంగతి ఊరందరికీ తెలుసు. దాన్ని ఒక్కసారీ తేరిపార చూడని మనిషి ఆయనొక్కడే. తొడుక్కున్నాడు. అది బక్కప్రాణి చొక్కా, ఈయన గున్న ఏనుగు. అయినా సాగి సరిపోయింది.

వేదికెక్కి, "తుపాను సూచనలేవీ మాకు అందలేదు..." అన్నాడో లేదో, చేతుల్లోంచి నీళ్లు. కాలర్లోంచి నీళ్లు. బూట్లు నిండి, వేదిక నిండి, మెట్లమీద జలపాతం. మంత్రిగారు కాళ్లు కుర్చీలోకి ముడుచుకున్నారు. బాబాయి బకెట్లు తెచ్చి వరసగా పట్టాడు.

"పదిహేడు," అన్నాడు చివరికి.

"అంటే నాలుగు రోజుల్లో పెద్ద తుపానన్నమాట," అన్నారు మంత్రి. "గేట్లెందుకు ఎత్తలేదయ్యా?"

స్కేలమ్మ నిండుకుండ సొరుగే ఊడదీసి తెచ్చి మంత్రిగారి ముందు పెట్టింది.

గేట్లు ఆ నిమిషమే రెండడుగులు ఎత్తారు. నాలుగు రోజులు నది బుద్ధిగా పారింది. తుపాను వచ్చి, ఖాళీ చేసిన జాగాలో పడి, వేసవికి సరిపడా నిలిచింది. అత్త మంచం కోళ్లు తడవలేదు.

చొక్కా మాత్రం ఊడలేదు. కత్తెరలు విరిగాయి, గుండీలు నవ్వాయి. నిండుకుండ పెద్దకుర్చీ పోయింది. ఇప్పుడాయన ఉద్యోగం స్కేలమ్మ గదిలో, మేకు కింద స్టూలు మీద. రోజూ ఆరింటికి ఆవిడొచ్చి చెయ్యెత్తమంటుంది, మెలిపెట్టి పిండుతుంది, కొంచెం గట్టిగానే.

"చచ్చిపోతున్నానమ్మా," అంటాడు వణుకుతూ. "ఒక్క గుండీ విప్పించు తల్లీ!"

"నా చేతుల్లో ఏముంది సార్," అంటుంది స్కేలమ్మ బకెట్ జరుపుతూ. "చొక్కా ఎవరిదో వాళ్లనే అడగండి."