తల ఊపే పిల్ల

నాకు అన్నిటికన్నా భయం మా అమ్మాయి తల ఊపడం. రోడ్లూ కుక్కలూ జ్వరాలూ ఆ తర్వాతే. అర్థమైనా ఊపుతుంది, కాకపోయినా ఊపుతుంది. రెండిటికీ ఒకటే నవ్వు.

దానికి ఆరేళ్లు. రెండు చెవులకూ మిషన్లున్నాయి. అవి పెట్టుకున్నా మాట సగమే అందుతుంది, మిగతా సగం మన పెదాల మీద చూసి ఏరుకోవాలి. బడిలో ఆయా దానికి సరేపాప అని పేరు పెట్టింది. ముద్దుగానే పెట్టింది. నేను మాత్రం ఆ పేరు వినగానే పిల్ల చెయ్యి పట్టుకుని గబగబా గేటు దాటేస్తాను. ఎందుకంటే దానికి తల ఊపడం నేర్పింది నేనే.

బడిలో చేర్చేముందు వారం రోజులు అద్దం ముందు నిలబెట్టి నేర్పాను. ఎవరు మాట్లాడినా వాళ్ల ముఖం చూడు, నవ్వు, తల ఊపు, దిక్కులు చూడకు అని. నాకు తెలిసిన విద్య అదొక్కటే. తొమ్మిదో తరగతిలో చదువు మానేసినదాన్ని. మానేసేదాకా లెక్కల మాస్టారు అర్థమైందా అన్నప్పుడల్లా అందరికన్నా ముందు ఊగింది నా తలే. నా చెవులకేం, బంగారంలా వినిపించేది.

పెద్ద మేడం దాన్ని బడికొస్తావా, బొమ్మలేస్తావా, బుద్ధిగా ఉంటావా అని అడిగింది. మూడుసార్లు ఊపింది. పిల్ల చురుకు అని చేర్చుకున్నారు. ఇంటికొచ్చి గొప్పగా చెబితే మా అత్తయ్య, "గంగిరెద్దుని తయారుచేశావు కదే" అంది. పుల్లవిరుపు మాట అనుకుని ఊరుకున్నాను.

రోజూ పొద్దున మిషన్లు పెట్టి, వినిపిస్తోందా అంటాను. అది ఊపుతుంది. నేను డ్యూటీకి పరుగెడతాను. పోయిన నెల చెవుల పరీక్షకి తీసుకెళితే అక్కడి మేడం కుడి చెవి మిషన్ విప్పి చూసి, ఇది ఆగిపోయి ఎన్నాళ్లయిందమ్మా అని అడిగింది. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒక అట్టముక్క నోటికి అడ్డం పెట్టుకుని పిల్లని అడిగింది.

"నీకు తోకుందా?"

మా పిల్ల నవ్వి, ఉందని తల ఊపింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకే తెలీదు.

ఆవిడ చాలా చెప్పింది. దగ్గరికెళ్లాలట, వెలుతురు మన ముఖం మీద పడాలట, పిల్ల మనవైపు చూశాకే మొదలుపెట్టాలట. అరిస్తే నోరు వంకర పోతుంది గనక అరవకూడదు. అందకపోతే అదే మాట పదిసార్లు రుబ్బకుండా ఇంకోలా చెప్పాలి. చివర్లో, "అర్థమైందా అని మాత్రం అడగొద్దమ్మా. నేనేం చెప్పానో చెప్పు అని అడుగు" అంది.

ఇందులో సగం నేను రోజంతా చేసే పనే. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో నా ఉద్యోగం. డ్రయ్యర్ల హోరులో మాట వినపడదు. అందుకే ముందు భుజం తడతాం, ముఖం చూపిస్తాం, అప్పుడు మాట. నాతో దుప్పట్లు మడిచే అక్కా నేనూ నాలుగేళ్లుగా ఒకరి పెదాలొకరం చదువుకుంటున్నాం. మేనేజరు పక్కన నిలబడి ఉండగానే ఆయన బట్టతల మీద జోకులు కూడా నడుస్తాయి. ఇంటికొచ్చి మాత్రం పొయ్యివైపు తిరిగి కన్నబిడ్డతో వీపు పెట్టి మాట్లాడాను, ఇన్నేళ్లూ.

అందుకని ఇంట్లోనూ దుప్పటి పట్టాను. ఒక కొస నాది, ఒక కొస దానిది, ఎదురెదురుగా నిలబడి. నేనొక మాట చెబుతాను. అర్థమైతే తిరిగి చెప్పి, దాని కొస తెచ్చి నా కొసకి కలపాలి. లేకపోతే అక్కడే నిలబడి "మళ్లీ" అనాలి. పదిరోజులు అన్నిటికీ తల ఊపుతూ నవ్వుతూ వచ్చేసింది. తల ఊపొద్దే అంటే దానికీ ఊపింది. పదకొండో రోజు నిలబడిపోయింది. నా నోటివైపు చూసి, మెల్లిగా, తప్పుచేసినదానిలా "మళ్లీ" అంది. దుప్పటి వదిలేసి వెళ్లి వాటేసుకున్నాను.

కానీ ఆ మాట నా దగ్గరే, దుప్పటి చేతిలో ఉంటేనే.

మొన్న గురువారం ఇంకో లోడు పడి ఆలస్యమైంది. బడికి ఫోన్ చేసి, పిల్లని లోపలే కూర్చోబెట్టమన్నాను. వెళ్లేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. లోపలుండమని చెప్పానమ్మా, సరే అంది కూడా, అన్నాడు. వీధంతా పరుగెత్తాను. వినపడదని తెలిసీ పేరు పెట్టి అరుస్తూనే ఉన్నాను. నోరు ఊరుకోదు కదా. రెండు వీధుల అవతల చెప్పుల షాపు మెట్ల దగ్గర ఉంది, వచ్చేపోయే ప్రతి ఆడమనిషి ముఖంలోకీ తొంగిచూస్తూ.

మోకాళ్ల మీద కూర్చుని, వాచ్‌మన్ తాత ఏం చెప్పాడు అని అడిగాను.

"మీసం కదిలింది" అంది. "సరే అన్నాను. నువ్వే చెప్పావుగా."



మర్నాడు వాచ్‌మన్‌కీ, క్లాసు టీచరుకీ, ఆయాకీ అంతా విడమరిచి చెప్పాను. ముగ్గురూ అర్థమైందని తల ఊపారు. నేనేం చెప్పానో చెప్పండి అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. చదువుకున్నవాళ్లని అలా ఎలా అడుగుతాను?

సోమవారం నుంచి నా షిఫ్టు ఐదింటిదాకా. మార్చమంటే మేనేజరు కుదరదన్నాడు. బడి వదిలేది మూడున్నరకి, మా ఆయన వచ్చేసరికి నాలుగవుతుంది. మధ్యలో అరగంట.

మీ పిల్లల కోసం మీరూ ఆ గేటు దగ్గరే నిలబడతారు కదా. పసుపు సంచి, చెవుల వెనక నీలం మిషన్లు, అదే మా పిల్ల. ఒక్కసారి చూడండి. వెనకనుంచి పిలవకండి, ఎదురుగా వెళ్లి కాస్త వంగండి. బాగున్నావా అని అడగొద్దు, బాగున్నానని ఊపేస్తుంది. నీకోసం ఎవరొస్తారు అని అడగండి. నాన్న అని నోటితో చెబితే సరే. తల ఊపితే మాత్రం దాన్ని వదిలి వెళ్లకండి.