పన్నెండో గదిలో భోజనం

రై ధాన్యపు జావ అడుగంటకుండా తైమి గరిటె తిప్పుతూనే ఉంది. ముప్పై ఎనిమిది మందికి సరిపోయే గిన్నె అది. ఆవిరికి కళ్లద్దాలు మసకబారితే తీసి, కొంగులా వేలాడే వంటింటి ఆప్రాన్‌కి తుడిచి, మళ్లీ పెట్టుకుంది. కిటికీ అవతల చీకటి. ఇంత ఉత్తరాన ఉన్న ఈ ఊరికి జనవరిలో తొమ్మిది దాటితే గాని వెలుగు రాదు. ఉప్పు డబ్బా చేతికందే దూరంలోనే ఉంది గాని, ఆమె చెయ్యి అటు పోయి ముప్పై ఏళ్లు దాటింది.

అరవై మూడేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. వేడినీళ్లలో నాని నాని వేళ్ల కణుపులు ఉబ్బాయి, అరచేతులు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. నడుం మాత్రం వంగలేదు. ఆమె వంట చేసే ఈ వృద్ధాశ్రమంలో ఆమెకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లయిన పనివాళ్లు మెట్లెక్కి ఆయాసపడుతుంటే, తైమి రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకుని వాళ్లని దాటుకుని పోతుంది.

ఆ ఆరోగ్యం ఊరికే వచ్చింది కాదు. ఆమె భర్త మార్టి ముప్పై ఏడో ఏట కలప అడితిలో దుంగ ఎత్తుతూ కూలిపోయాడు. గుండె. ఆ పొద్దున కూడా వేలి మందాన వెన్న రాసుకుని, పందికొవ్వు వేయించుకుని తిని వెళ్లాడు. ఆ రోజుల్లో ఈ సరస్సుల పక్క ఊళ్లలో మగవాళ్లు అలాగే పోయేవాళ్లు. ఆమె తండ్రీ అంతే, బాబాయీ అంతే. దినాలయ్యాక ఆసుపత్రి నర్సు ఇంటికొచ్చి ఒక కాగితం ఇచ్చింది. ఎక్కువకాలం ఆరోగ్యంగా బతకడానికి ఏం చేయాలో అందులో వరసగా రాసి ఉంది. తైమి దాన్ని వంటింటి గోడకి అంటించుకుంది. వెన్న మానేసింది. ఉప్పు మానేసింది. రోజూ పొద్దున్నే మూడు కిలోమీటర్లు నడిచింది, మంచు పడితే స్కీలు కట్టుకుంది. చేపలు, దుంపలు, అడవిలో తానే ఏరుకొచ్చిన పుల్లటి ఎర్రపళ్లు తిన్నది. అన్నీ చేసింది గాని, ఒక్క మాట దగ్గర ఆగిపోయింది: నలుగురితో కలిసి భోంచేయండి. పిల్లలు లేరు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. రేడియో ఎదురుగా పెట్టుకుని తినేది.

రెండేళ్ల కిందట ఆర్వి పన్నెండో గదికి వచ్చాడు. కుర్రతనంలో నది మీద దుంగలు తేల్చుకుంటూ తీసుకెళ్లే పని చేసినవాడు. మనిషి ఆరడుగులు, లోపల మాత్రం ఏమీ మిగల్లేదు. చొక్కా భుజపుటెముకలకి కొక్కేనికి తగిలించినట్టు వేలాడేది. అప్పటికి పనివాళ్లు చాలడం లేదని భోజనాల హాలు మూసేసి, ఎవరి గదికి వాళ్ల పళ్లెం పంపిస్తున్నారు. ఆర్వి పళ్లెం వెళ్లినట్టే తిరిగొచ్చేది.

"ఎందుకు తినరు పెద్దాయనా?" అని అడిగింది ఒకనాడు.

"గోడ మొహం చూస్తూ ఎంతని తినను?"

మర్నాడు మధ్యాహ్నం తన అరగంట విరామంలో తైమి ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా పట్టుకుని వెళ్లి అతనికి ఎదురుగా కూర్చుంది. ఆమె డబ్బాలోకి తొంగిచూసి, "ఉడకేసిన క్యారెట్లా? ఇది మనుషులు తినేదా, కుందేళ్లకి పెట్టేదా?" అన్నాడు. అంటూనే తన పళ్లెం ఖాళీ చేశాడు. ఆనాటినుంచి రోజూ అంతే. మాట్లాడుకునేది తక్కువ. ఒకళ్లు నములుతున్న చప్పుడు ఇంకొకళ్లు వినేవాళ్లు. ఇంటికెళ్లాక రేడియో పెట్టినా అందులో ఆ చప్పుడు దొరికేది కాదు తైమికి. ఏడాదిలో ఆర్వి మూడు కిలోలు పెరిగాడు.

ఆ పొద్దున ఎనిమిది గంటలకి మేనేజర్ సానా పిలిచింది. ముప్పై నాలుగేళ్ల పిల్ల, చెడ్డదేం కాదు. తల ఎప్పుడూ కంప్యూటర్‌లోనే ఉంటుంది.

"తైమి గారూ, పదకొండింటికి మునిసిపాలిటీ వాళ్లు వస్తున్నారు. వృద్ధాప్యంలో ఆరోగ్యం మీద పుస్తకం వేస్తున్నారట. ఫొటోలకి హాలు తెరుద్దాం. పళ్లెంలో సగం కూరగాయలు, పావు దుంపలు, పావు చేప. రంగురంగులుగా ఉండాలి."

"సరేనండి."

"ఇంకో మాట. మీరు ఆర్వి గారి గదిలో కూర్చుని తింటున్నారట. వంటింటి వాళ్లు గదుల్లోకి వెళ్లకూడదు. శుభ్రత రూలు. ఈ రోజునుంచి మానేయండి. నేను హెచ్చరిక కాగితం మీద రాసేదాకా తేకండి."

పింఛనుకి ఇంకా ఎనిమిది నెలలు. తైమి ఇంతవరకూ తెలిసి ఒక్క రూలూ దాటలేదు. "ఆయన తినరండీ," అనబోయింది. సానా అప్పటికే ఫోనెత్తింది.

హాలులో బల్లకి తెల్లగుడ్డ పరిచారు. ఆర్వికి తల దువ్వి, నీలం స్వెట్టర్ తొడిగి కూర్చోబెట్టారు, అటూ ఇటూ ఇద్దరు ముసలమ్మలు. ఫొటోగ్రాఫర్ చేప మెరవాలని బ్రష్షుతో నూనె పూశాడు. మనుషుల మధ్య కూర్చున్నాడేమో, ఆర్వికి నిజంగానే ఆకలేసింది. ఫోర్కు ఎత్తాడు.

"ఆగండి తాతయ్యా, లైటు సరిచేయనీండి."

దించాడు. మళ్లీ ఎత్తాడు.

"ఇంకొక్కటి. నవ్వండి. నోట్లో పెట్టుకోకండి, మొహం మూసుకుపోతుంది."

ముసలమ్మల్లో ఒకావిడ, "పెళ్లి ఫొటోకి కూడా ఇంత సేపు కూర్చోబెట్టలేదు నన్ను," అంది. అందరూ నవ్వారు.

సానా అతిథులకి చెబుతోంది: "మేం కొత్త పోషకాహార పథకం పెట్టాక ఈయన మూడు కిలోలు పెరిగారు."

వడ్డన కిటికీ వెనక నిలబడి తైమి ఆ మాట విన్నది. ఆర్వి ఆమెను చూశాడు. "పిల్లా, ఇలా వచ్చి కూర్చో. ఈ చేప తినేట్టే ఉంది," అని కేకేశాడు. సానా తలతిప్పి తైమి వైపు చూసింది.

"పనుంది పెద్దాయనా," అంది తైమి.

ఫొటోలు పూర్తయ్యాయి. రెండు గంటలు బయట ఉన్న చేప వడ్డించకూడదు. పైగా బ్రష్షు తగిలింది. పళ్లేలు వెనక్కి వచ్చాయి. చేపని చెత్తబుట్టలోకి గీకింది తైమియే. హాలుకి తాళం వేశారు. ఆర్వికి గదిలోకి వేరే పళ్లెం వెళ్లింది.

ఒకటిన్నరకి తైమి సామాన్ల గదిలో, పిండి బస్తాల పక్కన నిలబడి డబ్బా తెరిచింది. రెండు ముక్కలు తిని మూసేసింది.

రెండింటికి గుమ్మాల బయట పెట్టిన పళ్లేలు తీసుకెళ్లడానికి బండి తోసుకుంటూ వెళ్లింది. పన్నెండో గది గుమ్మం ముందు ఆగింది. లోపలికి అడుగు పెట్టలేదు. పళ్లెం ముట్టుకోలేదని అక్కడినుంచే కనబడింది.

"ఏం, దారి మర్చిపోయావా?"

"రావద్దన్నారు పెద్దాయనా. రేపు సానా గారితో మాట్లాడతాను."

"రేపా!" ఆర్వి నవ్వాడు. "ఎనభై తొమ్మిదేళ్లవాడికి రేపంటున్నావు, ధైర్యం గలదానివే." పళ్లెం పక్కకి జరిపి, "పోనీలే. నీ ఉద్యోగం చూసుకో," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది తైమికి.

సాయంత్రం బస్సెక్కకుండా ఇంటిదాకా నడిచింది. మంచు బూట్ల కింద కరకరలాడింది. దుంపలు ఉడకేసుకుని, రేడియో పెట్టుకుని, తింటూ సానాతో అనవలసిన మాటలు పేర్చుకుంది. పెరిగిన మూడు కిలోలూ మీ పథకానివి కావండీ, అనాలి. కాగితం రాస్తే రాసుకోండి, అనాలి. రెండుసార్లు పైకి అని చూసుకుంది.

పొద్దున ఆరింటికి వంటింట్లోకి వస్తూనే జావ గిన్నె పొయ్యి మీదికెక్కించింది. రాత్రి డ్యూటీ నర్సు గుమ్మంలోంచే చెప్పింది.

"ముప్పై ఏడుగురికి చాలు తైమీ. నిన్న రాత్రి భోజనం దగ్గర, కుర్చీలోనే. పన్నెండో గది."

తైమి గరిటె ఆపలేదు. ఆపితే అడుగంటుతుంది. ముప్పై ఏడు గిన్నెల్లోకి జావ పోసి బండి మీద సర్ది పంపించింది.

ఎనిమిదింటికి సానా వచ్చింది. కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి. "పాపం, ఈ మధ్య ఎంత బాగా తినేవారో," అంది. "తైమి గారూ, పదింటికి ఆయన చుట్టాలొస్తారు. ఆ గదిలో గిన్నెలు కాస్త తీసేస్తారా?"

పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికొచ్చేది కాదిప్పుడు. "తీస్తాను," అంది.

మంచం మీద పక్క తీసేశారు. కిటికీ తెరిచి ఉంది, గది చల్లగా ఉంది. బల్ల మీద రాత్రి పళ్లెం అలాగే ఉంది. మూత తీస్తే సూప్ మీద తెట్టు కట్టి ఉంది. చెంచా కాగితం చుట్టలోంచి బయటికే రాలేదు. నల్లటి రై రొట్టెముక్కని మాత్రం చేత్తో రెండుగా తుంచాడు. ఒక సగం తిన్నట్టు పళ్లెం పక్కన నల్లటి పొడి రాలి ఉంది. రెండో సగం బల్లకి అటువైపు, ఖాళీ కుర్చీ ముందు, చదరంగా మడిచిన కాగితపు రుమాలు మీద, అంచులెండి కొంచెం పైకి లేచి ఉంది.