జొన్న మొలకల ఎరుపు

తిరుమణిలో పసిబిడ్డ పుడితే రాగి మాల్టు అంజినమ్మ చేతిదే కావాలి. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి, వేయించి ఆమె తిరగట్లో విసిరిన పిండి వాసన వీధి చివరిదాకా వస్తుందని పేరు. అలాంటి మనిషి బీరు కాయడానికి పొయ్యి ముందు కూర్చుంటే ఊరు నవ్వకుండా ఉంటుందా? నవ్వింది. అందరికన్నా ముందు మొగుడు కొల్లప్ప నవ్వాడు.

తప్పంతా ఆమె అక్క కొడుకు నందీష్‌ది. బెంగళూరులో తామే బీరు కాచి అమ్మే ఒక హోటల్లో వాడు పని చేస్తాడు. మెట్ట ధాన్యంతో ఎర్రటి బీరు కావాలని అక్కడి పెద్దమనిషి సునీల్‌కుమార్ పట్టుబట్టాడట. రంగు కుదిరితే ఏటా మొలకగట్టిన ధాన్యం మీ చిన్నమ్మ దగ్గరే తీసుకుంటానన్నాడట.

అంజినమ్మకు ఆ మాట చాలు. కొల్లప్ప పొలమంతా సోలారు కరెంటు కంపెనీకి లీజుకు పోయింది. పుట్టింటివాళ్లు ఆమె పేరున రాసిచ్చిన రెండెకరాలే మిగిలాయి. కనుచూపు మేర నల్లటి ప్లేట్లు, వాటి మధ్య ఆమె రాగి, ఆమె జొన్న. ఆ ముక్క కోసం కంపెనీ ఏజెంటు ఆదినారాయణప్ప వారానికోసారి వచ్చి కాఫీ తాగి పోతున్నాడు.

“సంతకం పెట్టి నెమ్మదిగా కూచోరాదా?” అన్నాడు కొల్లప్ప.

“ఉగాది దాకా ఆగప్పా. ఎరుపు రాకుంటే నేనే ఆయన్ని పిలిచి సంతకం పెడతా,” అనేసింది అంజినమ్మ. అన్న మాట వెనక్కు తీసుకునే రకం కాదామె. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

రాగులు ఎర్రగా ఉంటాయి కాబట్టి రాగులు ఎక్కువేస్తే సరిపోతుందనుకుంది. రాగి సంగటి తిని పెరిగిన వాళ్లెవరైనా అలాగే అనుకుంటారు. నందీష్ తెచ్చిచ్చిన బార్లీ మొలకలు తగ్గించి రాగి మొలకలు దండిగా పోసింది. వాడు చెప్పినట్టే ఉడికించి, వడగట్టి, చల్లార్చి, ఈస్టు కలిపి డ్రమ్ములో పెట్టింది. పది రోజులకు మూత తీస్తే బూడిద రంగు.

“ఏందే ఇది, బట్టలుతికిన నీళ్లా?” అన్నాడు కొల్లప్ప.

ఆదివారం వచ్చిన నందీష్ గ్లాసు చూసి తల గోక్కున్నాడు. “ఎరుపంతా రాగి పొట్టులోనే ఉండాది చిన్నమ్మా. లోపలంతా తెలుపే.”

రోషం కొద్దీ రెండోసారి రాగులు మాని జొన్న మొలకలు తీసుకుని, అన్నీ మాడేదాకా వేయించింది. కాఫీ డికాషన్ కన్నా నల్లగా వచ్చింది. పాలు పోసుకుని తాగుదామన్నాడు కొల్లప్ప. ఆ పూట అతనికి సంగటి పెట్టింది గానీ పులుసు పోయలేదు.

ఉగాది ఇంక నెలే ఉంది. అంజినమ్మ పొద్దున్నే సోలారు ప్లేట్లు కడిగే పనికి పోతుంది. ఆడవాళ్లంతా క్యారియర్లను స్టోరు వెనక పడేసిన పగిలిన ప్లేటు కింద పెడతారు, ఆ కాకకు సంగటి చల్లారదు. ఆ రోజు జొన్న మొలకల మూటను ఒక గిన్నెలో పెట్టి తెచ్చుకుంది, పనయ్యాక అక్కడే ఆరబోద్దామని. మాటల్లో పడి మరిచి ఇంటికొచ్చేసింది. సాయంత్రం పరుగున పోయి మూత తీస్తే గుప్పుమని బెల్లం పాకం వాసన!

తడి మీద వేడి తగిలితే మొలకలు తియ్యగా మారి పాడైపోతాయని, వాటిని ఆవుకు వేయాలని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఈసారి మాత్రం ఒక గింజ నోట్లో వేసుకుంది. లోపలంతా పాకమే. వేలితో నలిపి చూస్తే వేలికి ఎరుపు అంటింది.

“పాడైందని ఇన్నాళ్లూ ఆవుకేసినానే, నా బుద్ధి కాల!” అని అక్కడే పైకి అనేసింది.

ఆ గింజల్ని సన్నని సెగ మీద, మాడనివ్వకుండా వేయించింది. ఇక పది రోజులు ఆగే ఓపిక లేదు. గాజు గ్లాసులు వరుసగా పెట్టి, ఒక్కోదాంట్లో వేరువేరు పాళ్లలో గింజలు దంచి వేసి వేడినీళ్లు పోసింది. బార్లీ నాలుగు పాళ్లు, ఈ జొన్న ఒక పాలు వేస్తే తేనె రంగు వచ్చింది. బాగుంది గానీ ఎరుపు కాదు. మాడ్చిన జొన్న ఇంకా మిగిలి ఉంది. పులుసులో ఉప్పు వేసినట్టు భయభయంగా చిటికెడు వేసింది. తేనె రంగు ఎర్రబారింది. మరో చిటికెడు వేసి, గ్లాసు కిటికీకి ఎత్తి పట్టుకుని, ఒక్కతే గట్టిగా నవ్వింది. ఆ పాళ్లతోనే మళ్లీ బీరు కాచి డ్రమ్ములో పెట్టింది.

ఉగాది ముందురోజు సునీల్‌కుమార్‌ను వెంటబెట్టుకుని నందీష్ దిగాడు. మాట ప్రకారం ఆదినారాయణప్పనూ అంజినమ్మే పిలిపించింది. ఆయన కాగితాలు తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అంజినమ్మ డ్రమ్ములోంచి బీరు గ్లాసులోకి పట్టి ఇచ్చింది. సునీల్‌కుమార్ గ్లాసును ఎండకు ఎత్తాడు. పండిన దానిమ్మ గింజ రంగు, అవతలి చేయి కనిపించేంత తేట. తాగాడు. మళ్లీ తాగాడు.

“ఈ జొన్న ఎంతుందమ్మా మీ దగ్గర? ఎంతున్నా మాకే కావాలి.”

“ఇప్పటికి కొంచెమే సార్. ఇకమీద రెండెకరాల్లో పండేదంతా మీకే ఇస్తా.”

కొల్లప్ప గ్లాసు లాక్కుని ఒక గుక్క వేశాడు. ఈసారి నవ్వలేదు. “నా పెండ్లాం చేసినాది సార్,” అన్నాడు, అడక్కపోయినా. అంజినమ్మకు కళ్లు చెమర్చాయి. నాలుక్కి ఒక చుక్క తగిలించుకుని “థూ, చేదు!” అని మొహం చిట్లించింది.

ఆదినారాయణప్ప గొంతు సవరించుకున్నాడు. “మరి సంతకం...?”

“లీజుకిచ్చే నేల లేదన్నా,” అంది అంజినమ్మ, ఆయన చేతికీ ఒక గ్లాసు ఇస్తూ. “ఎండలు ముదరక ముందే దుక్కి దున్నాల. నీకు తెలిసిన ట్రాక్టరు యాడన్నా ఉంటే చెప్పు.”

ఆయన గ్లాసులోకి చూశాడు, ఆమె ముఖంలోకి చూశాడు. కాగితాలు మడిచి చంకలో పెట్టుకుని, ట్రాక్టరు వాడికి ఫోను కొట్టాడు.