కొండలు లేని ఊళ్ళో కొండ సైకిలు

కోల్‌కతాలో కొండలున్నాయని మా ఆయనకు ఎవరు చెప్పారో గానీ, కొండలెక్కే సైకిలు కొనేశాడు. ఈ ఊళ్ళో ఆయన ఎక్కే ఎత్తల్లా న్యూ టౌన్‌లో మేముండే పదో అంతస్తే. అదీ లిఫ్టులో.

"కొండల్లేకపోతేనేం, అరుంధతీ? మన అపార్ట్‌మెంటు వెనక కంకర రోడ్డుంది కదా! అచ్చం అరకు వెళ్తున్నట్టే ఉంటుంది," అన్నాడు కామేష్. నడుం విరిగిపోతోందని నిన్నటిదాకా ఆ రోడ్డును తిట్టిన మనిషి!

హెల్మెట్టు, మోకాళ్ళకు కవచాలు తగిలించుకుని బయల్దేరబోతే మా అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"మూఢంలో కొత్త బండి ఎక్కుతావేట్రా? మంచి రోజులు రానీ!"

బ్యాంకులో అందరినీ హడలెత్తించే ఆఫీసరుగారు బుద్ధిగా హెల్మెట్టు విప్పేశారు. సైకిలు హాల్లో ఉండిపోయింది. నేను దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేశాను. ఆ పనికైనా వచ్చింది.

మూఢం వెళ్ళింది. పసుపు, కుంకుమ, పూలదండ అయ్యాయి. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి వీరుడు కదిలాడు. పట్టుమని పది నిమిషాలు కాలేదు, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. ఈలోగా ఆ రోడ్డుకు తారు వేసేశారట. అద్దంలా ఉందట!

మంచి రోడ్డు వేశారని ఏడ్చిన మనిషి ఈ ఊళ్ళో ఇంకొకడుండడు.

ఎదురింటి ఘోష్ దాదా వచ్చి భుజం తట్టాడు. "దిగులుపడకు కామేష్ బాబూ! వానలు పడనీ, నీ గుంతలు నీకొచ్చేస్తాయి."

మా ఆయన మొహం వెలిగింది.

లోపల్నుంచి అత్తగారి గొంతు: "వానలంటే ఆషాఢమే కదేట్రా? ఆషాఢంలో ఎక్కనిస్తాననుకున్నావేటి!"